తక్కువ పర్సంటేజీతో బీటెక్ పాసైతే: హైదరాబాద్‌లో ఏ దారి ఎవరికి సరిపోతుంది

"అన్నా, నాది 56 పర్సెంట్. గేట్ రాయనా, అమీర్‌పేట్‌లో జావా నేర్చుకోనా, ఏదో ఒక కంపెనీలో చేరిపోనా?"

ఫైనలియర్ రిజల్ట్స్ వచ్చాక ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. నేను చర్లపల్లిలో ఒక చిన్న మెషీనింగ్ కంపెనీలో పనిచేస్తాను, కొత్తవాళ్ళ ఇంటర్వ్యూల్లో కూర్చుంటాను. మూడింటిలో ఏది గొప్పదో చెప్పడం తేలికే. కానీ మార్కులు తక్కువున్న వాళ్ళకు ఆ పోలిక వల్ల ఒరిగేదేమీ లేదు. వాళ్ళు చూసుకోవాల్సినవి వేరే రెండు ఉన్నాయి. ఆ దారిలో పర్సంటేజీ ఎక్కడ అడుగుతారు? ఆ దారి ఎన్నేళ్ళు తెరిచి ఉంటుంది? కొన్నిచోట్ల అప్లికేషన్ దగ్గరే ఆపేస్తారు, ఎంత చదివినా లాభం లేదు. కొన్నిచోట్ల మొదట్లో ఒక్కసారి అడిగి మళ్ళీ ఆ ఊసెత్తరు. ఇంకొన్నిచోట్ల అసలు అడగరు. ఈ తేడా తెలియక రెండేసి సంవత్సరాలు పోగొట్టుకున్న పిల్లల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు మీ నంబరు సరిగ్గా తెలుసుకోండి

జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్16, ఆర్18 రెగ్యులేషన్లలో సీజీపీఏలోంచి 0.5 తీసేసి 10తో గుణిస్తే పర్సంటేజీ వస్తుంది. అంటే 6.5 ఉంటే 60 శాతం. ఫస్ట్ క్లాస్ అక్కడి నుంచే మొదలవుతుంది. 5.5 నుంచి 6.5 లోపు సెకండ్ క్లాస్, 5 నుంచి 5.5 లోపు పాస్ క్లాస్. వేరే యూనివర్సిటీ, వేరే రెగ్యులేషన్, అటానమస్ కాలేజీ అయితే లెక్క మారొచ్చు. ఎగ్జామ్ బ్రాంచ్‌లో అడిగి ఖాయం చేసుకోండి.

ఇక్కడే చాలామంది చేతికందే అవకాశాన్ని వదిలేసుకుంటున్నారు. సీజీపీఏ 6.2 ఉన్న అమ్మాయి తనది 57 శాతమని లెక్కేసుకుని, 60 అడిగే డ్రైవ్‌లన్నీ మానేస్తుంది. కానీ టీసీఎస్ ఫ్రెషర్స్ నోటిఫికేషన్లలో "60 శాతం లేదా 6 సీజీపీఏ" అని ఉంటూ వచ్చింది. మెమో మీద 6.2 అనే ఉంది కాబట్టి ఆమె నిక్షేపంగా అప్లై చేసుకోవచ్చు. టెన్త్, ఇంటర్‌లో కూడా అదే కటాఫ్ అడుగుతారన్నది గుర్తుంచుకోవాలి. ప్రభుత్వరంగ సంస్థలైతే సీజీపీఏని యూనివర్సిటీ ఫార్ములా ప్రకారం పర్సంటేజీలోకి మార్చమంటాయి. అక్కడ 57 అంటే 57. నోటిఫికేషన్‌లో అర్హతల పేరా ఆఖరి చుక్క దాకా చదవండి. అలాగని 58.7ని 60 చేసి రాయకండి. సర్టిఫికెట్లు చూసే రోజున వచ్చిన ఉద్యోగం కూడా పోతుంది.

బ్యాక్‌లాగ్స్ ఉంటే మిగతా ఆలోచనలన్నీ పక్కన పెట్టి ముందు సప్లీలు క్లియర్ చేయండి. 55 శాతంతో పాసైన వాడికి చాలా దారులున్నాయి. ఒక్క సబ్జెక్ట్ మిగిలిపోయిన వాడికి, మిగతావాటిలో 70 వచ్చినా, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికి రాదు.

గేట్: పరీక్షకు అడ్డు లేదు, తర్వాతే ఉంది

గేట్ అంటే ఎంటెక్ సీట్లకు, కొన్ని ప్రభుత్వరంగ ఉద్యోగాలకు చూసే జాతీయ పరీక్ష. అది రాయడానికి కనీస మార్కుల నిబంధన లేదు. బీటెక్ థర్డ్ ఇయర్ నుంచే రాయొచ్చు, స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. "మీ పర్సంటేజీతో పనిలేదు" అని కోచింగ్ సెంటర్ వాళ్ళు చెప్పేది పరీక్ష వరకు నిజమే. ఆ తర్వాత చూడండి. ఎన్టీపీసీ జనరల్ అభ్యర్థులను బీటెక్‌లో 65 శాతం అడుగుతుంది, పవర్‌గ్రిడ్ 60 అడుగుతుంది. ఇస్రో సైంటిస్ట్ పోస్టులకు 65 శాతం లేదా 6.84 సీజీపీఏ ఉండాలి. ఎన్‌ఐటీల్లో ఎంటెక్ సీట్లిచ్చే సీసీఎంటీ కౌన్సెలింగ్‌కు 60 శాతం లేదా 6.5 సీజీపీఏ కావాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు అక్కడ 55 లేదా 6 చాలు, ఎన్టీపీసీలో కూడా వారికి 55 చాలు.

కాబట్టి రిజర్వేషన్ సడలింపు లేకుండా 60 కింద ఉన్నవాళ్ళు పీఎస్‌యూ (ప్రభుత్వరంగ సంస్థ) ఉద్యోగం కోసమే ఏడాదంతా గేట్‌కు కూర్చోవడం నాకు సబబుగా అనిపించదు. మంచి ర్యాంకు తెచ్చుకుని అప్లికేషన్ దగ్గర ఆగిపోవడం కంటే పెద్ద దెబ్బ ఉండదు. ఎంటెక్ మీదే మనసుంటే రాష్ట్రంలో పీజీఈసెట్ ఉంది. దానికి 50 శాతం, రిజర్వ్‌డ్ వాళ్ళకు 45 సరిపోతుంది. కానీ కాలేజీని చూసి చేరండి. గేట్ స్కోరుతో చేరితే ఏఐసీటీఈ స్టైపెండ్ నెలకు 12,400 వస్తుంది, అది లేకుండా చేరితే రెండేళ్ళు సొంత ఖర్చే.

గేట్ కోసం చదివింది మాత్రం వృథా కాదు. అదే సిలబస్ కింద చెప్పే పరీక్షలకు పనికొస్తుంది.

జేఈ, ఏఈఈ పరీక్షలు: మార్కులు అడగరు, ఓపిక అడుగుతారు

ఎస్‌ఎస్‌సీ జేఈకి (జూనియర్ ఇంజనీర్) సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ డిప్లొమా లేదా డిగ్రీ ఉంటే చాలు, పర్సంటేజీ కటాఫ్ లేదు. ఉద్యోగం లెవెల్ 6, బేసిక్ 35,400. రైల్వేలో ఆర్‌ఆర్‌బీ జేఈ కూడా అదే లెవెల్. యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్షకు కూడా డిగ్రీ పాసైతే చాలు. రాష్ట్రంలో టీజీపీఎస్సీ ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్), ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పోస్టులకూ అంతే. పాస్ క్లాస్ వాడికీ, గోల్డ్ మెడలిస్టుకూ ఒకే పేపరు. మార్కుల చరిత్రను పూర్తిగా చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టే అవకాశం ఇంత శుభ్రంగా ఇంకెక్కడా దొరకదు.

అయితే రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, ఈ పోస్టుల్లో ఎక్కువ భాగం సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్ళవే. ఎస్‌ఎస్‌సీ జేఈలో సీఎస్‌ఈ, ఈసీఈ బ్రాంచ్‌లకు పేపరే లేదు. రెండోది, ఎప్పుడు ఏం జరుగుతుందో మన చేతిలో ఉండదు. 2022లో రాష్ట్రంలో 1,540 ఏఈఈ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరిలో పరీక్ష పెట్టారు. మార్చిలో పేపర్ లీక్ బయటపడి రద్దు చేశారు, మే నెలలో మళ్ళీ పెట్టారు. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో చదువుకునే వాళ్ళను, అశోక్‌నగర్ రూముల్లో ఉండే వాళ్ళను అడిగితే ఆ నెలలు ఎలా గడిచాయో చెబుతారు. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుంటూ ఎదురుచూసిన వాళ్ళకు అది మామూలు టెన్షన్ కాదు.

ఒక ఊరట ఉంది. ఈ దారి తొందరగా మూసుకుపోదు. ఇంజనీరింగ్ సర్వీసెస్‌కు జనరల్ అభ్యర్థులు 30 ఏళ్ళ వరకు రాయొచ్చు. రాష్ట్ర నియామకాల్లో యూనిఫాం లేని పోస్టులకు వయోపరిమితిని 2024లో 46కు పెంచారు, ఇప్పుడెంతో నోటిఫికేషన్‌లో చూసుకోండి. అంటే దీనికి ఈ ఏడాదే కూర్చోవాలని లేదు, ఉద్యోగం చేసుకుంటూ కూడా చదవొచ్చు. సాఫ్ట్‌వేర్ సంగతి సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది.

సాఫ్ట్‌వేర్: అన్నిటికంటే ముందు మూసుకుపోయే దారి

ఆఫ్-క్యాంపస్ డ్రైవ్‌లు (కాలేజీ బయట జరిగే నియామకాలు) చాలావరకు పాసౌట్ సంవత్సరం చూసి పిలుస్తాయి. చదువులో గ్యాప్ 24 నెలలు దాటకూడదని షరతు పెట్టే కంపెనీలున్నాయి. రెండేళ్ళు గ్రూప్స్‌కో గేట్‌కో చదివి, కుదరక, అప్పుడు కోడింగ్ మొదలుపెట్టిన వాళ్ళకు తక్కువ మార్కులతో పాటు గ్యాప్ కూడా తోడవుతుంది. సాఫ్ట్‌వేర్ మీద ఏ కొంచెం ఆసక్తి ఉన్నా దాన్నే ముందు ప్రయత్నించండి, జేఈ పరీక్షలు తర్వాత కూడా ఉంటాయి.

60 కింద ఉంటే పెద్ద సర్వీస్ కంపెనీల ఫ్రెషర్ డ్రైవ్‌లలో చాలావరకు ఫిల్టర్ దగ్గరే పోతాయి. మీకు మిగిలేవి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి చుట్టూ ఉన్న ముప్పై, యాభై మంది కంపెనీలు. వాటిలో చాలావాటికి హెచ్‌ఆర్ ఫిల్టర్లు పెట్టే తీరిక ఉండదు. ఒక టాస్క్ ఇచ్చి చేసుకురమ్మంటారు, లేదా పక్కన కూర్చోబెట్టి చేయిస్తారు. అక్కడ జీతం తక్కువ, పని ఎక్కువ, నేర్చుకునేది చాలా ఎక్కువ. పెద్ద కంపెనీల్లో జోహో డిగ్రీని, మార్కులను పట్టించుకోదని పేరు తెచ్చుకుంది. వాళ్ళ టెస్ట్ మాత్రం తేలిక కాదు.

అమీర్‌పేట్ విషయానికొద్దాం. మైత్రివనం దగ్గర బస్సు దిగి ఆదిత్య ఎన్‌క్లేవ్ వైపు నడిచేలోపు చేతిలో నాలుగైదు పాంప్లెట్లు పడతాయి. అన్నిటి మీదా "100% ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" అనే ఉంటుంది. అసిస్టెన్స్ అంటే ఉద్యోగం ఇస్తామని కాదు. ఇన్‌స్టిట్యూట్ పేరు చూడకండి, చెప్పే సార్‌ను చూడండి. డెమో క్లాసులు ఉచితమే, మొహమాటపడకుండా నాలుగు చోట్ల కూర్చోండి. స్లయిడ్లు చదివే సార్ దగ్గర చేరకండి. బోర్డు మీద రాసిన కోడ్‌ను అక్కడికక్కడే రన్ చేసి, ఎర్రర్ వస్తే దాన్ని అందరిముందూ సరిచేసే సార్ దగ్గర చేరండి.

కోర్సు అయ్యాక అందరి రెజ్యూమెలో ఒకటే ప్రాజెక్ట్ ఉంటుంది: ఎంప్లాయీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. బ్యాచ్‌లో ముప్పై మంది ఉంటే ముప్పై మందిదీ అదే. ఇంటర్వ్యూ చేసేవాడికి అది తెలుసు. "బాగుంది, ఈ లిస్టును జాయినింగ్ డేట్ ప్రకారం మార్చి చూపించు" అంటాడు. తాను రాసిన కోడ్ అయితే ఐదు నిమిషాల పని. కాపీ కొట్టింది అయితే ఏ ఫైలు తెరవాలో కూడా తెలియదు. మీకు తెలిసిన కిరాణా షాపు ఖాతా లెక్కో, మీ నాన్న ట్రాక్టర్ కిరాయిల లెక్కో పట్టుకుని, చిన్నదే అయినా మొదటి నుంచి చివరి దాకా మీరే కట్టండి. 56 శాతాన్ని దాటించేది అదే.

టెస్టింగ్, ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగాలను చిన్నచూపు చూడకండి. నైట్ షిఫ్టులు ఉంటాయి, కష్టమే. కానీ కంపెనీ లోపలికి వెళ్ళాక ఏడాదిన్నరలో డెవలప్‌మెంట్ టీమ్‌కు మారిన వాళ్ళు నాకు తెలుసు.

ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ గురించి మాత్రం గట్టిగా చెబుతాను. "రెండేళ్ళు పెట్టిస్తాం, పే-స్లిప్పులు మావే" అనే వాళ్ళు ఎస్‌ఆర్ నగర్ హాస్టళ్ళ దాకా వస్తారు. పీఎఫ్ జమ అయ్యే ఉద్యోగమైతే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) పాస్‌బుక్‌లో ఏ కంపెనీ ఏ నెల ఎంత కట్టిందో కనబడుతుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్ళు అదే అడుగుతారు. చేరేటప్పుడు దొరక్కపోయినా మూడేళ్ళ తర్వాత క్లయింట్ మారినప్పుడు మళ్ళీ తనిఖీ జరుగుతుంది. అప్పటికి హోమ్ లోన్ ఉంటుంది, పెళ్ళయి ఉంటుంది. తక్కువ మార్కులు తప్పు కాదు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. దొంగ అనుభవం అలా కాదు, దొరికిన రోజున నిజంగా సంపాదించుకున్న అనుభవం కూడా చెల్లకుండా పోతుంది. డబ్బు తీసుకుని "బ్యాక్‌డోర్" ఆఫర్ లెటర్ ఇచ్చేవాళ్ళ గురించి చెప్పేదేముంది, అది నేరుగా మోసమే.

కోర్: జీతం తక్కువ, కానీ మార్కులు ఎవరూ అడగరు

కోర్ అంటే మన బ్రాంచ్ చదువుకు సంబంధించిన ఫ్యాక్టరీ, సైట్ ఉద్యోగాలు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, నాచారం, పటాన్‌చెరు, పాశమైలారం. ఈ పేర్లు మన కాలేజీల ప్లేస్‌మెంట్ సెల్ బోర్డుల మీద పెద్దగా కనబడవు. మా ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో చెబుతాను. టేబుల్ మీద ఒక డ్రాయింగ్, లేత్ మీద తీసిన ఒక షాఫ్ట్, పక్కన ఒక వెర్నియర్, ఒక మైక్రోమీటర్ పెడతాం. డ్రాయింగ్‌లో డయామీటర్ 25, టాలరెన్స్ ప్లస్ 0, మైనస్ 0.02 అని ఉంటుంది. "ఈ పార్ట్ పాసా, రిజెక్టా చెప్పు" అంటాం. చాలామంది చేయి వెర్నియర్ మీదకు పోతుంది. దాని లీస్ట్ కౌంటే (కొలవగల అతి చిన్న తేడా) 0.02 మిల్లీమీటర్లు, మొత్తం టాలరెన్స్ అంతే. దానితో ఏం తేల్చగలరు? మైక్రోమీటర్ అందుకుని, ముందు జీరో చూసుకుని, షాఫ్ట్ తుడిచి, రెండు మూడు చోట్ల కొలిచే పిల్లాడి మార్కుల మెమో మేము జాయినింగ్ రోజున ఫైల్లో పెట్టడానికి తప్ప చూడం.

మొదటి జీతం మావైపు 15 వేల చుట్టూ ఉంటుంది, వారానికి ఆరు రోజులు పని. హాస్టల్ ఫీజు, బస్ పాస్ పోతే మిగిలేది చాలా తక్కువ. ఈ మాట దాచి కోర్ గొప్పది అనడం మోసం. కానీ రెండు మూడేళ్ళు క్వాలిటీలోనో సీఎన్‌సీ ప్రోగ్రామింగ్‌లోనో నిలబడ్డ వాళ్ళకు ఆదిభట్ల వైపు ఏరోస్పేస్ కంపెనీలకు, వాటికి పార్ట్స్ చేసే యూనిట్లకు వెళ్ళే వీలుంటుంది. అప్పుడు అడిగేది "ఏ మెషీన్ మీద చేశావు, ఏ మెటీరియల్ చేశావు" అనే.

చేతిపని రాకుండా వస్తే కష్టం కాబట్టి, మెకానికల్ వాళ్ళకు బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో క్యాడ్-క్యామ్, సీఎన్‌సీ షార్ట్ కోర్సులు మంచివి. అక్కడ నిజం మెషీన్లుంటాయి. సివిల్ వాళ్ళకు మాదాపూర్ వైపు నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. సైట్ ఇంజనీర్‌గా చేరినా బిల్లింగ్, క్వాంటిటీలు నేర్చుకోండి, సైట్‌లో అందరికీ కావాల్సింది ఆ మనిషే. ఎంబెడెడ్, వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) మీద ఆసక్తి ఉన్న ఈసీఈ వాళ్ళు లక్షలు కట్టే ముందు కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ కోర్సులు చూడండి. సీ-క్యాట్ ఎంట్రన్స్ ఉంటుంది, కోర్సు దాదాపు ఆరు నెలలు. కనీస మార్కులు ప్రకటనలో చూసుకోవాలి.

అప్రెంటిస్‌షిప్ కూడా ఒక దారే. ఏడాది పాటు ఉంటుంది, గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 ఇవ్వాలని 2019 నిబంధనల్లో పెట్టారు. కాకపోతే ఒక చిక్కుంది. ఈసీఐఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలు పరీక్ష లేకుండా డిగ్రీ మార్కుల మెరిట్ మీద తీసుకుంటాయి, అక్కడ మన నంబరు వెనకబడుతుంది. ఇంటర్వ్యూ పెట్టే ప్రైవేట్ కంపెనీల్లోనే ప్రయత్నం పెట్టండి.

చిన్న కంపెనీలో చేరేటప్పుడు బాండ్ అంటారు. చదివి సంతకం పెట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి దగ్గరా ఉంచకండి, చూపించి వెనక్కి తెచ్చుకోండి.

విదేశీ చదువు

జర్మనీ మాట ఎక్కువగా వినబడుతోంది కాబట్టి ఒక లెక్క చెబుతాను. అక్కడి యూనివర్సిటీలు మన మార్కులను బవేరియన్ ఫార్ములాతో మారుస్తాయి. పాస్ మార్కు 5 అనుకుంటే, 7.5 సీజీపీఏ అక్కడి 2.5కి, 6 సీజీపీఏ 3.4కి సమానం. అక్కడ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది, చాలా కోర్సులు 2.5 దగ్గర గీత గీస్తాయి. అమెరికాలో సీటు దొరకొచ్చు, లోన్ కూడా దొరకొచ్చు. కానీ ఇక్కడ సబ్జెక్టులో పట్టు రాకుండా అక్కడికి వెళ్తే ఆ లోన్ నాన్న మెడకు చుట్టుకుంటుంది. ముందు రెండేళ్ళు పని చేసి, తర్వాత ఆలోచించండి.

ఎవరికి ఏది

ఇంట్లో రెండు మూడు నెలలకు మించి ఖర్చు భరించలేకపోతే కోర్ లేదా సపోర్ట్ ఉద్యోగంలో చేరి, పొద్దున రెండు గంటలు జేఈకో కోడింగ్‌కో పెట్టుకోండి. ఆరు నుంచి తొమ్మిది నెలల వెసులుబాటు ఉండి, బ్రాంచ్ సీఎస్‌ఈ, ఈసీఈ అయితే సాఫ్ట్‌వేర్‌కే మొత్తం సమయం ఇవ్వండి. ఏడాది పైన వెసులుబాటు ఉన్న సివిల్, మెకానికల్, ఈఈఈ వాళ్ళకైతే నా ఓటు జేఈ, ఏఈఈ పరీక్షలకే. ఆ పక్కనే ఒక గేట్ అటెంప్ట్ కూడా ఇవ్వొచ్చు. 60 శాతం దాటని జనరల్ అభ్యర్థి పీఎస్‌యూ కల పెట్టుకోవద్దని మళ్ళీ చెబుతున్నాను, వినడానికి కష్టంగా ఉన్నా సరే.

ఇంటర్వ్యూలో "మార్కులు ఎందుకు తక్కువ?" అని అడుగుతారు, ఖాయంగా అడుగుతారు. కాలేజీ మీదా ఇంటి మీదా పెట్టి ఐదు నిమిషాల కథ చెప్పకండి. "సెకండియర్‌లో మ్యాథ్స్ సబ్జెక్టులు పోయాయి సార్, ఫైనలియర్‌కల్లా అన్నీ క్లియర్ చేశాను, ఆ తర్వాత ఈ ప్రాజెక్ట్ చేశాను" అని, ఉన్నదే చెప్పి, ఆ ప్రాజెక్ట్ చూపించండి. అడిగినవాడు ప్రాజెక్ట్ గురించి రెండో ప్రశ్న వేశాడంటే మార్కుల సంగతి అయిపోయినట్టే. మొదటి ఉద్యోగంలో రెండేళ్ళు నిండాక రెజ్యూమె మార్చండి. చేసిన పని పైన రాసి, చదువు ఆఖర్న ఒక్క లైన్‌లో పెట్టండి. పర్సంటేజీ అడిగిన చోట మాత్రం మెమోలో ఉన్నది ఉన్నట్టే రాయండి.